ఒంటరిగా వేసుకోవలసిన మాత్ర

లోయిటా కొండలు,
ఫిబ్రవరి 19, 2006

చిట్టితల్లి నసియెకుకి,

నీ నెత్తిన చెయ్యి పెట్టి, మన పద్ధతిలో తుంపర పడేలా ఉమ్మి దీవించాననుకుని ఈ ఉత్తరం చదువు. ఆ తుంపర నైరోబీ దాకా రాదు కాబట్టి అనుకోవడమే.

ఇల్లు చేరి పదకొండు రోజులైంది. నీ తమ్ముడు సిరోంకా దారంతా నన్ను అప్పుడే పుట్టిన దూడలా పట్టుకుని తెచ్చాడు. వచ్చినప్పటి నుంచీ వాకిట్లో జనమే. ముప్పై ఏళ్ళు ఈ బడిలో లెక్కలు చెప్పిన మాస్టారి గుండెలో తీగ గొట్టం పెట్టారంటే చూడకుండా ఉంటారా! "చొక్కా విప్పు మాస్టారూ, అది ఏ పక్కనుందో చూసి పోతాను" అంది ఒక ముసలమ్మ. రొమ్ము మీద ఏమీ లేదమ్మా, సూది గుచ్చింది గజ్జల్లో, ఆ మచ్చయితే ఉంది, చూపించమంటావా అన్నాను. దుప్పటి చెంగు నోట్లో కుక్కుకుని పోయింది.

నీ తుమాంకా చిన్నాన్న రోజూ పొద్దున్నే వస్తున్నాడు. టీ ఇద్దరికీ ఒకేసారి పొయ్యాలి, లేకపోతే మీ మరదలికి మాటలు తప్పవు. మేము ఒకే ఈడువాళ్ళం కదా, ఒకే రోజు ఒకే కత్తి కింద మగవాళ్ళమయ్యాం, ఏడేళ్ళు అడవిలో ఒకే మంట పక్కన పడుకున్నాం. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వాడు సగమైపోయాడు. వాడికీ ఈ మధ్య తిన్నాక రొమ్ము మధ్యలో మంట పుడుతోందట. "నీ గుండె పాడై నాది బాగుంటే ఏం మర్యాదరా" అని నవ్వుతున్నాడు గాని, మొహం బాగాలేదు.

నువ్విచ్చిన రెండు మాత్రలూ వేసుకుంటున్నాను. ఫోన్ చెయ్యమని సిరోంకాతో చెప్పి పంపావట. సిగ్నల్ అందేది కొండ మీద. గుండె పట్టుకుని కొండెక్కమంటావా? ఉత్తరమే మేలు. మటాటు వ్యాను డ్రైవరు చేతికిస్తే నాలుగో రోజుకి అందుతుంది.

మీ నాన్న,
పర్మువాత్


నైరోబీ,
ఫిబ్రవరి 27

నాన్నా,

నీ గజ్జల మచ్చ కథ మా వార్డు నర్సులందరికీ చదివి వినిపించాను. నవ్వడం అయిపోయింది కాబట్టి ఇప్పుడు నా మాట విను.

నీ గుండెకు రక్తం మోసే నాళం మూసుకుపోతే జల్లెడలాంటి చిన్న గొట్టం పెట్టి తెరిచారు. స్టెంట్ అంటున్నది దాన్నే. నీ రక్తానికి అది పరాయి వస్తువు. పరాయిది తగిలితే చాలు, దాని మీద గడ్డకట్టాలని చూస్తుంది. నాళం లోపలి పొర పెరిగి ఆ గొట్టాన్ని కప్పెయ్యడానికి ఏడాది పడుతుంది. అంతవరకూ రక్తాన్ని పల్చగా ఉంచేది ఈ రెండు మాత్రలే. ఒక్క రోజు కూడా తప్పకూడదు. బాగానే ఉన్నాను కదా అని మానకూడదు. ఎవరైనా మానమంటే ముందు నాకు రాయి.

పోయిన వారం మా దగ్గరికి ఒక లారీ డ్రైవర్ని తెచ్చారు. నీలాగే స్టెంట్ వేయించుకున్నవాడు. ఒళ్ళు కుదురుగా ఉందని మాత్రలు మానేశాడట. ఆరో రోజున గడ్డకట్టింది. మేము సూది ఎక్కించేలోపే పోయాడు. వాళ్ళావిడ బయట టీ కొనుక్కుంటోంది. ఆ మాట ఆవిడకి చెప్పింది నేనే.

నెల నెలా మాత్రలు డ్రైవరు చేత పంపుతాను. తుమాంకా చిన్నాన్నని నరోక్ ఆస్పత్రిలో చూపించండి. రొమ్ములో మంట అంటే అన్నీ గుండెజబ్బులు కావు.

నీ నసియెకు


లోయిటా కొండలు,
ఏప్రిల్ 9

చిట్టితల్లీ,

వానలు బాగా పడ్డాయి. గడ్డి మోకాలెత్తు లేచింది, ఆవులు తిని తిని కదల్లేకపోతున్నాయి. మీ తమ్ముడు నన్ను మంద వెనక పోనివ్వడు. బడికి మాత్రం పోయాను. కొత్తగా వచ్చిన నైపనోయి టీచరమ్మ నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మూడో తరగతి పిల్లలకి గుండె బొమ్మ గీసి చూపించమంది. గీశాను. ఒక పిల్ల లేచి, మాస్టారూ ఇది బంగాళాదుంపలా ఉంది అంది. మార్కులు వేశాను.

మాత్రల సంగతి అడిగావు. మాత్రలు నడుస్తున్నాయి. ఎత్తు ఎక్కితే రొమ్ము కాస్త బిగుస్తోంది, ఆగితే పోతోంది. వయసు కదా.

తుమాంకా నరోక్ రానన్నాడు. "నువ్వు పోయొచ్చావు చాలు, ఇద్దరి తరఫునా" అన్నాడు. ఇప్పుడు వాడికి కొంచెం నయమే. మంట తగ్గిందని వాడే అంటున్నాడు.

నాన్న


నైరోబీ,
ఏప్రిల్ 20

నాన్నా,

ఎత్తు ఎక్కితే రొమ్ము బిగియడం వయసు కాదు. స్టెంట్ పెట్టాక అలా ఉండకూడదు. డాక్టరుగారికి చెప్పాను, మే నెలలో తీసుకురమ్మన్నారు. రాకుండా ఎగ్గొట్టకు.

సూటిగా అడుగుతున్నాను. రెండు మాత్రలూ ప్రతిరోజూ వేసుకుంటున్నావా? "నడుస్తున్నాయి" అని రాశావు. మాత్రలకి కాళ్ళున్నాయా? బడిలో మేమిలా జవాబు చెప్తే బెత్తం తీసేవాడివి.

నసియెకు


లోయిటా కొండలు,
జూన్ 4

చిట్టితల్లీ,

మేలో రాలేకపోయాను. కోప్పడకు. తుమాంకాని వదిలి రాబుద్ధి కాలేదు.

వాడి సంగతి నీకు చెప్పి సలహా అడుగుదామనే రాస్తున్నాను. రెండు వారాలుగా వాడు నీరసించిపోయాడు. మా ఇంటి నుంచి వాళ్ళింటికి మూడుసార్లు కూర్చుంటే గాని చేరడం లేదు. పళ్ళు తోముకునే పుల్ల నమిలితే చిగుళ్ళ నుంచి రక్తం, ఎంతసేపటికీ ఆగదు. చేతుల మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోతోంది. ఇంకొకటి, ఆడపిల్లకి రాయకూడదు గాని నువ్వు ఆస్పత్రి మనిషివి. విరేచనం తారులా నల్లగా పోతోందట. తేనె సారా పడలేదని వాళ్ళావిడ అంటోంది. చెట్టు బెరడు కాచి తాగించింది. గుణం కనబడలేదు.

ఇది గుండెజబ్బు ముదరడమేనా? గుండెకి ఇంకా పెద్ద మాత్ర ఏదైనా ఉంటే పంపు.

ఆవులు బాగున్నాయి. నేను బాగున్నాను.

నాన్న


నైరోబీ,
జూన్ 9

నాన్నా,

ఉత్తరం అందిన అరగంటకే ఇది రాస్తున్నాను. డ్రైవర్ని బండి ఆపి కూర్చోబెట్టాను.

నేను పంపే మాత్రలు ఆయనకి పెడుతున్నావు. అవునా? "ఇంకా పెద్ద మాత్ర" అని రాశావు. దేనికంటే పెద్దది నాన్నా? చిగుళ్ళ రక్తం, కమిలిన చేతులు, నల్ల విరేచనం, ఇవన్నీ నాకు తెలిసిన గుర్తులే. మా వార్డులో ఈ మాత్రలు ఎక్కువై లోపల రక్తం కారేవాళ్ళని నెలకొకర్ని చూస్తాను.

ఆయనకి గుండెజబ్బు లేదు. తిన్నాక మంట అంటే కడుపులో పుండు. ఆ పుండు మీద నువ్వు రక్తం గడ్డకట్టనివ్వని మందు పోస్తున్నావు. నల్లగా పోతున్నది రక్తమే. నీకు గడ్డకట్టకుండా కాపాడేది ఆయనకి రక్తం ఆగకుండా చేస్తోంది.

ఇక ఆ మాత్ర ఆయన నోట పడడానికి వీల్లేదు. ఒక్కటి కూడా. ఆయన్ని వెంటనే, ఏ బండి దొరికితే ఆ బండిలో నరోక్ ఆస్పత్రికి చేర్చండి, రక్తం ఎక్కించాలి. సిరోంకాకి ఈ ఉత్తరం చూపించు.

లెక్కల మాస్టారివి నువ్వు. ఇన్నాళ్ళు నాకు దొంగలెక్క చెప్పావు. నాకు ఏడుపొస్తోంది, కోపం కూడా వస్తోంది.

నసియెకు


లోయిటా కొండలు,
జూన్ 18, ఆదివారం

నసియెకూ,

నీ ఉత్తరం సోమవారం అందింది. ముందు నిన్ను కుదుటపరిచే మాట రాస్తాను. ఆ రోజు నుంచీ వాడికి మాత్ర ఇవ్వలేదు. చర్చి వాళ్ళ జీపు ఎల్లుండి మంగళవారం వస్తుంది, వాణ్ణి నరోక్ తీసుకెళ్తున్నాం. అంతకంటే ముందు ఏ బండీ దొరకలేదు, సిరోంకా తిరగని చోటు లేదు.

ఇక నేరం ఒప్పుకుంటాను. మార్చి మొదటి వారం నుంచి ఒక రోజు నేను, మర్నాడు వాడు. నీకు అబద్ధం రాయలేదు గాని నిజమూ రాయలేదు. రెండూ ఒకటేనని నేనే పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఎందుకు చేశావంటావు. నువ్వు చిన్నతనంలోనే పట్నం చదువుకి పోయావు, నీకు మేమెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మేము కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎవడూ ఒంటరిగా పాలు తాగకూడదు. ఆకలితో చస్తున్నా సరే, ఈడువాడు పక్కన ఉండాలి, వాడి నోట్లో పడ్డాకే మన నోట్లో. ఏళ్ళు గడిచాక పెద్దలు పాల పండుగ చేసి ఒక్కొక్కణ్ణీ పిలిచి, అందరి ముందు ఒంటరిగా తాగిస్తారు. అక్కడితో ఆ కట్టు తీరిపోతుంది, పెద్దమనుషులమైపోతాం. మా పండుగ జరిగిన రోజు నేను టీచరు ట్రైనింగులో పరీక్ష రాస్తున్నాను. తుమాంకాని పిలిస్తే సొరకాయ బుర్రని పక్కకి తోసేశాడట. నా తోడువాడు వచ్చాక తాగుతానన్నాడట. పెద్దలు తిట్టారు, బతిమాలారు, వాడు వినలేదు. నేను వచ్చేసరికి పండుగ అయిపోయింది. మళ్ళీ మా ఇద్దరికీ ఎవరూ చెయ్యలేదు. నలభై ఏళ్ళయింది. పద్ధతి ప్రకారం మేమింకా కుర్రాళ్ళమే. దాని మీద ఊళ్ళో ఎన్ని వేళాకోళాలో.

అలాంటివాడు గుండె పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, నేను పొట్లం విప్పుకుని గుండెమందు ఎలా మింగను? చాటుగా మింగొచ్చు కదా అంటావు. ఈడువాడికి దాచి తినేవాణ్ణి మాలో ఏమంటారో రాస్తే ఈ కాగితం పాడైపోతుంది. మొదటి రోజు నిజంగానే గొంతు దిగలేదు. సగం విరిచి వాడికిచ్చాను. విరిస్తే పనిచెయ్యదేమోనని రోజు మార్చి రోజు పెట్టాను. వాడికి ఉపకారం చేస్తున్నానన్న గర్వం కూడా ఉండేది నాకు. అది ఇప్పుడు గుచ్చుకుంటోంది.

వాడికి నీ ఉత్తరం మొత్తం చదివి చెప్పాను. "మంట తగ్గలేదురా, నువ్వు బాధపడతావని తగ్గిందన్నాను" అన్నాడు. ఇద్దరం ఒకరికొకరం అబద్ధాలాడుకుంటూ కూర్చున్నాం ఈ నాలుగు నెలలూ.

నా గురించి బెంగపడకు. వాడు తినకూడనిది నేనూ ముట్టడం లేదు. ఇవాళ్టికి ఆరు రోజులు. వాడు ఆస్పత్రి నుంచి లేచి తిరిగొచ్చాక మళ్ళీ మొదలుపెడతాను, నీ మీద ఒట్టు. పొద్దుట్నుంచి రొమ్ము కాస్త బరువుగా ఉంది. దిగులు వల్ల అయ్యుంటుంది.

నాన్న


నైరోబీ,
జూలై 14

నాన్నా,

ఈ ఉత్తరం నీ సంచిలో అడుగున పెట్టి సిరోంకాకి చెప్పాను. నరోక్ దాటాక, ఊరు రాకముందు, బండి ఆపి నీ చేతికివ్వమన్నాను. నాకు సెలవు దొరకలేదని నీతో చెప్పాను. సెలవు అడగనే లేదు. నీ పక్కన కూర్చుని ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు లేదు.

నీ జూన్ 18 ఉత్తరం నాకు ఇరవై రెండున అందింది. అప్పటికి నువ్వు మా వార్డులోనే, నా కళ్ళ ముందే, ముక్కులో గొట్టంతో ఉన్నావు. స్టెంట్ లోపల గడ్డకట్టింది. గడ్డని లాగేసి, దానిలోనే ఇంకొకటి పెట్టారు. కానీ నువ్వు మా దగ్గరికి చేరేసరికి పది గంటలు దాటింది. ఆలోగా నీ గుండెలో మూడో వంతు చచ్చిపోయింది. అది తిరిగి రాదు. ఇది డాక్టరుగారు నీకు మెత్తగా చెప్పారు, నేను ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఇంటి నుంచి బడిదాకా నడవగలిగితే అదే గొప్ప.

తప్పు నాది కూడా. ఆయన నోట పడకూడదని రాశాను. నువ్వు మాత్రం మానకు అనే ఒక్క ముక్క రాయలేదు. రాయాలని తోచలేదు. మా నాన్న ఎలాంటివాడో తెలిసి కూడా, నేను నర్సులా రాశాను, కూతురిలా ఆలోచించలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రోజూ అడిగావు, ఆయన ఎలా ఉన్నాడు, నరోక్‌లోనే ఉన్నాడా అని. ఉన్నాడన్నాను. నాన్నా, మన పద్ధతి ప్రకారం ఆయన పేరు ఇక మన నోట పలకకూడదు. నేనూ రాయడం లేదు. నీకు అర్థమైపోయి ఉంటుంది.

జీపు ఆ మంగళవారం ఆయన కోసం వచ్చింది. వెనక పడుకోబెట్టారు. సాగనంపడానికి వచ్చిన నువ్వు జీపు తలుపు పట్టుకునే కూలిపోయావు. వెనక ఒక్క మనిషి పడుకునే చోటే ఉంది. ఆయనే దిగాడు. ముందు సీట్లో కూర్చోబెడతామని సిరోంకా కాళ్ళావేళ్ళా పడ్డాడట. "కూర్చునే శక్తి నాకెక్కడిదిరా. దారిలో నేను జారిపడితే నన్ను పట్టుకుంటూ వాణ్ణి వదిలేస్తారు. పోండి, రేపు నా కోసం రండి" అన్నాడట. నిన్ను మా దగ్గర దింపి తిరిగిపోతూ జీపు నరోక్‌లో ఇరుసు విరిగి ఆగిపోయింది. సిరోంకా నా దగ్గర, నీ మంచం పక్కన ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆయనకి మళ్ళీ లోపల రక్తం పోయింది. సాయంత్రానికి అయిపోయింది.

అప్పుడే చెప్తే నీ గుండె ఆగుతుందన్నారు. అందుకే మూడు వారాలు నీ మొహంలోకి చూస్తూ అబద్ధమాడాను. ఎలా ఉంటుందో ఇప్పుడు నాకూ తెలిసింది.

ఆయన అంతకు ముందు శుక్రవారం నాడు నీకు ఒక ఉత్తరం చెప్పి రాయించాడు. విప్పి చదివాను, క్షమించు. దీంతో పెడుతున్నాను.

నీ నసియెకు


లోయిటా కొండలు,
జూన్ 23

ఒరేయ్ పర్మువాత్,

నేను చెప్తుంటే నైపనోయి టీచరమ్మ రాస్తోంది. నా మాటల్లో సగం రాయనంటోంది. నువ్వు ఊహించుకో.

నువ్వు బతికున్నావని కబురొచ్చింది. బతకవా మరి, జీపులో నువ్వు పడుకున్న చోటు నాది కదా! ఆస్పత్రిలో మెత్తటి మంచం మీద పడుకుని పట్నం అమ్మాయిల చేత అన్నం తినిపించుకుంటున్నావట. నేనిక్కడ మా ఆవిడ బెరడు కషాయం తాగుతున్నాను. అదీ న్యాయం.

నీ కూతురు కోపంగా ఉందట, ఉండనీ. ఆ పిల్ల నిజం చెప్పింది. నేను ఆలోచించాను. నిన్ను పడేసింది గడ్డ కాదురా, నేను. నలభై ఏళ్ళ కిందట ఆ పాల బుర్ర పక్కకి తోసినవాణ్ణి నేనే కదా. అప్పుడు మంచిపని చేశాననుకున్నాను. ఊరంతా అదే అంది. దాని వల్ల ఇవాళ నీ మందు నువ్వు మింగలేకపోయావు.

అందుకని నిన్న మన ఈడువాళ్ళని పిలిపించాను. ఏడుగురం మిగిలాం. ఒకడికి చెవుడు, ఒకడికి చూపు లేదు. నా మంచం బయట వేయించాను. తెల్లటి ఆవు పాలు తెప్పించాను. నన్ను లేపి కూర్చోబెట్టారు. ఎవరికీ ఇవ్వకుండా, నా పక్కన ఎవడూ లేకుండా, బుర్రెడు పాలూ తాగేశాను. వాళ్ళు చూస్తూ కూర్చున్నారు. రుచిగా లేవు. ఒంటరిగా తాగితే పాలు ఇలా ఉంటాయని ఇన్నాళ్ళు తెలియదు.

నాకు కట్టు తీరిపోయింది. నాకు తీరితే నీకూ తీరినట్టేనని పెద్దలన్నారు. ఆ మాత్ర ఇక తిండి కాదు, పంచుకోవలసిన పని లేదు. రోజూ ఒక్కడివే మింగు. నా కోసం ఒక్కటి దాచావని తెలిసిందో, మీ మంద మొత్తం గొడ్డుపోవాలని తిడతాను. నా నోరు మంచిది కాదని నీకు తెలుసు.

జీపు రేపో మాపో వస్తుందంటున్నారు. వస్తే నేనూ ఆ మెత్తటి మంచం చూస్తాను.

నీ తోడువాడు


లోయిటా కొండలు,
ఆగస్టు 2

నసియెకూ,

బండి ఆపి ఉత్తరం ఇచ్చినప్పుడు సిరోంకా అటు తిరిగి నిలబడ్డాడు. అప్పుడే తెలిసిపోయింది. చదివాను. వాడి ఉత్తరం ముందు చదివాను, నీది తర్వాత చదివాను. దాచావని నాకు కోపం లేదు. నీకు అది నేర్పింది నేనే.

ఊళ్ళో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. వాళ్ళావిడ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆవిడ లేచి పాలు తెచ్చి నా ముందు పెట్టింది. మిగిలిన ఈడువాళ్ళు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు, ఆవిడ చెప్పి పంపినట్టుంది. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. తాగమన్నారు. తాగాను. అందరి ముందూ ఏడుస్తూ తాగాను, అరవై మూడేళ్ళ ముసలివాణ్ణి. ఇప్పటికి నేను పెద్దమనిషినయ్యానట.

బడిదాకా నడవలేకపోతున్నాను. టీచరమ్మ పిల్లల్ని మా వాకిట్లోకే తీసుకొస్తానంటోంది. కాళ్ళు వాస్తున్నాయి, నువ్విచ్చిన నీటి మాత్ర వేసుకుంటే తగ్గుతున్నాయి.

నువ్వు అడగకముందే చెప్తాను. రెండు మాత్రలూ రోజూ వేసుకుంటున్నాను. ఒక్క రోజు తప్పలేదు, ఈసారి నిజం. నీ కోసం, వాడి తిట్టుకి భయపడి వేసుకుంటున్నాను. కానీ వాణ్ణి చంపింది ఈ మాత్రే. నన్ను నిలబెడుతున్నదీ ఇదే. పొద్దున్నే దీన్ని నాలిక మీద పెట్టుకుని, నీళ్ళు తాగేలోపు ఆ కాస్తసేపు ఏమనుకోవాలో నాకు తెలియడం లేదు తల్లీ. ఇంత చదివాను, ఇంతమందికి చెప్పాను, ఇది మాత్రం తెలియడం లేదు. నీకు తెలిస్తే రాయి.

నాన్న